26 సెకన్ల షాంపూ కథ

గాజువాకలోని మా మెడికల్ షాపుకి పోయిన వారం ఒకావిడ సగం వాడిన, చుండ్రుకిచ్చే కీటోకొనజోల్ అనే మందున్న షాంపూ సీసా పట్టుకొచ్చారు. "బాబూ, ఇది వెనక్కి తీసుకో. మా కోడలికి నెల తప్పింది" అంటూ ఫోన్లో వాట్సాప్ మెసేజ్ చూపించారు. అందులో ఉన్నది ఇదీ: తలకి రాసిన దాంట్లో 60 శాతం 26 సెకన్లలో రక్తంలో కలుస్తుంది, కీటోకొనజోల్ లివర్‌ని పాడుచేస్తుంది, చుండ్రు షాంపూల్లో వేసే జింక్ పైరిథియోన్‌ని యూరప్‌లో నిషేధించారు, కాబట్టి చుండ్రుకి నిమ్మరసమే దిక్కు.

మొదటి మాట శుద్ధ అబద్ధం. అదే నిజమైతే ఋషికొండలో అరగంట సముద్రంలో మునిగినవాడు ఏమైపోవాలి? లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది మరి. చర్మం పై పొరలో చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి, మధ్యలో కొవ్వు సిమెంటులా పట్టి ఉంచుతుంది. దాన్ని దాటడం ఒక్కో పదార్థానికి ఒక్కోలా ఉంటుంది, అన్నిటికీ ఒకే శాతం ఎక్కడా లేదు. అణుభారం, అంటే ఆ పదార్థపు ఒక్కో అణువు బరువు, 500 దాటితే లోపలికి పోవడం బాగా కష్టం. కీటోకొనజోల్‌ది 531.

మెసేజ్ రాసినవాడికి తెలియని నిజం ఒకటుంది. మాడు మిగతా చర్మం కంటే ఎక్కువే పీలుస్తుంది. 1967లో హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మందుతో చేసిన పరీక్షలో ముంజేతి కంటే మాడు మూడున్నర రెట్లు పీల్చింది. వినగానే భయమేస్తుంది. కానీ ముంజేతి నుంచి ఒంట్లో చేరింది 1 శాతమే, దానికి మూడున్నర రెట్లు. అదీ రోజంతా కడగకుండా ఉంచితే. షాంపూ ఉండేది ఐదు నిమిషాలు.

లివర్ మాట మాత్రం గాలిలోంచి పుట్టలేదు. కీటోకొనజోల్ మాత్రలు కాలేయాన్ని దెబ్బతీస్తాయనే 2013లో యూరప్ వాటిని ఆపమంది, అమెరికా వాటి వాడకాన్ని బాగా తగ్గించింది. అది మింగే మాత్ర సంగతి. 2 శాతం షాంపూని వారానికి 4 నుంచి 10 సార్లు చొప్పున 6 నెలలు వాడిన 39 మంది రక్తంలో వెతికితే మందు జాడే దొరకలేదు. మాత్ర చేసిన తప్పుకి షాంపూకి శిక్ష వేస్తే ఎలా?

యూరప్ నిషేధం? నిజమే, 2022 మార్చి 1 నుంచి. కారణం వింటే కథ మారిపోతుంది. జంతువుల మీద చేసిన పరీక్షల ఆధారంగా జింక్ పైరిథియోన్ గర్భస్థ శిశువుకి హాని చేయగల పదార్థాల జాబితాలోకెక్కింది. ఆ జాబితాలో పడితే, బదులుగా వేరే మందు దొరికేటప్పుడు, కాస్మెటిక్స్‌లో వాడకూడదన్నది అక్కడి చట్టం. చుండ్రుకి వేరే మందులున్నాయి, అందుకే తీసేశారు. కడిగేసే షాంపూలో 1 శాతం వరకు సురక్షితమేనని అక్కడి శాస్త్రవేత్తల కమిటీయే చెప్పింది. అమెరికాలో ఇప్పటికీ అమ్ముతున్నారు.

నిమ్మరసం గురించి ఎక్కువ చెప్పను. గోకి గోకి ఎర్రబడ్డ మాడు మీద పిండి చూడండి, మీకే తెలుస్తుంది. మన వైజాగ్ ఉక్కపోతలో, చెమటా జిడ్డూ పట్టిన తలలో మలసీజియా అనే ఫంగస్ హాయిగా పెరుగుతుంది. దాని తిండి కొవ్వు. చుండ్రుందని రాత్రంతా కొబ్బరినూనె పట్టించడం దానికి భోజనం పెట్టడమే. కుంకుడుకాయ జిడ్డు వదిలిస్తుంది, కాదనను.

నిజంగా జాగ్రత్తపడాల్సింది పుండ్లు పడ్డ మాడు విషయంలో. అక్కడ ఆ ఇటుక గోడ ఉండదు. తల మీద పుండ్లతో నెలల తరబడి సెలీనియం సల్ఫైడ్ (చుండ్రుకే వాడే ఇంకో మందు) షాంపూ వాడిన ఒకావిడకి విషలక్షణాలు వచ్చిన కేసు 1961లోనే వైద్య పత్రికలో వచ్చింది. మెసేజ్‌లో దీని ఊసే లేదు!

మూత తీసిన సీసా నేనెలాగూ వెనక్కి తీసుకోలేను. కోడలిని చూసే డాక్టరమ్మకి ఒక మాట చెప్పి వాడమన్నాను. వారానికి రెండుసార్లు, నురగ పట్టించి 3 నుంచి 5 నిమిషాలు ఉంచాలని చెప్పాను. అప్పుడు బయటపడింది, భయంతో ఆ అమ్మాయి రాసిన వెంటనే కడిగేసుకుంటోందట. రెండు వారాలైనా చుండ్రు తగ్గకపోవడం అందుకే.