బ్రౌన్ దొర చూడని మూడు చెట్లకు

మహారాజశ్రీ మా హాలు గోడ మీది మూడు చెట్ల పటం గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ కడపలో అందరం క్షేమం. ఎండలు మామూలే. మీలో ఎడమ పక్క పైన ఏటవాలుగా కురుస్తున్న వాన ఇన్నేళ్లలో ఒక్క చుక్క కూడా ఫ్రేము దాటి బయట పడలేదు.

మీ కథ మీకూ కంఠతా వచ్చే ఉంటుంది. 1820లో బ్రౌన్ దొర కడపకు వచ్చినప్పుడు మిమ్మల్ని వెంట తెచ్చుకున్నాడట. ఆయన ఊరు విడిచిపోయినాక బంగళా సామాను వేలం వేస్తే, మా అబ్బ వాళ్ల అబ్బ పాటలో దక్కించుకున్నాడట. కింద ఎడమ మూలలో మసగ్గా, రాగి రేకు మీద బొమ్మ గీసి కాగితం మీద అచ్చొత్తిన డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ సంతకం, 1643 అనే అంకె. ఇంకేం కావాలి? అన్నదమ్ముల భాగాల రోజు మా నాయన మిమ్మల్ని తీసుకుని, రెండెకరాల చీనీ తోట చిన్నాయనకు వదిలేసినాడు.

పోయిన నెల చెన్నైలో పాత అచ్చుబొమ్మలకు వెల కట్టే పెద్దాయన ఒకరు మా ఇంటికి భోజనానికి వచ్చినారు. ముందు స్కేలు పెట్టి కొలిచినారు. ఎత్తు 21 సెంటీమీటర్లు, వెడల్పు 28. అసలు బొమ్మదీ ఇంచుమించు ఇదే కొలత అన్నారు. చుట్టూ రాగి రేకు అంచు కాగితంలోకి దిగిన నొక్కు చూపించినారు. భూతద్దంలో పేపర్ ఫోటోల్లో మాదిరి చుక్కలు లేవు, అన్నీ గీతలే. నేను మనసులో బెంగళూరులో ఫ్లాటు కొనేసి, రంగులు కూడా వేయించేసినా.

ఆయన భూతద్దం నా చేతికిచ్చి, కుడి పక్క పొదలో చూడమన్నారు. చీకట్లో ఒక జంట. పటం కదా అని మా జేజి యాభై ఏళ్లు సాంబ్రాణి పొగ వేసింది వాళ్లకన్న మాట! ఆ పొగకే కాగితం పసుపెక్కిందని ఆయన తిట్టినారు కూడా.

తర్వాత మేకులు పీకి, వెనక అట్ట తీసి, మిమ్మల్ని బోర్లా తిప్పినారు. వీపు మీద ఎర్రటి చిన్న ముద్ర. పారిస్‌లో అమాన్ డ్యురాన్ అనే ఆయనదట. పాత అచ్చులను ఫోటో తీసి, రాగి రేకు మీదికెక్కించి, ఆసిడ్‌తో గీతలు తినిపించి, సిరా పట్టించి, తడి కాగితం మీద ప్రెస్సులో నొక్కేవాడట. అందుకే నొక్కూ ఉంది, చుక్కలూ లేవు. ఎవరూ మోసపోకూడదని వెనక ముద్ర కూడా వేసేవాడు. బ్రౌన్ దొర 1855లోనే ఇండియా వదిలిపోయినాడు. డ్యురాన్ ఈ పని ఎత్తుకున్నది ఆ తర్వాత.

"సంతకం ఉంది కదా సార్, 1643 అని" అన్నాను చివరి ఆశగా.

"అది రేకులోనే ఉంటుంది నాయనా, ప్రతి కాపీలోనూ పడుతుంది. క్యాలెండర్ మీద రాముడున్నాడని అది త్రేతాయుగం క్యాలెండర్ అవుతుందా?"

వెల అడిగితే, మంచి ఫ్రిజ్ వస్తుందన్నారు. తోట రాదు.

మీరు అబద్ధమాడినారని నేననను. నిజాన్ని వీపు మీద అచ్చేయించుకునే కూర్చున్నారు. నా గొడవల్లా ఒక్కటే. ఇన్నేళ్లలో ఒక్కసారి మేకు ఊడి బోర్లా పడకూడదా? పోనీ, ఆ భాగాల రోజు పడినా చాలు కదా! మా గోడకు కొట్టిన మేకు అంత గట్టిది. ఈ ఇంట్లో అసలు సరుకు అదొక్కటే.

నాయనకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. నిన్న చిన్నాయన తోట నుంచి ఎప్పటి మాదిరే బస్తా చీనీకాయలు వచ్చినాయి. నాయన ఒకటి ఒలుచుకుంటూ మీ వంక చూసి నవ్వినాడు.

"పిచ్చోడు రా మీ చిన్నాయన. కాయలకు ఆశపడి చెట్లు నాకు వదిలేసినాడు."

ఇట్లు,
మీ ఎదురు కుర్చీలో కూర్చునేవాడు