‘ట్యాబ్ ఇస్తే ఉన్న మాటలూ పోతాయి’ అన్న మెసేజ్‌కు నా జవాబు

నెల రోజులుగా గుంటూరు, విజయవాడ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకు నాలుగు వైపుల నుంచి వచ్చింది. చివరిసారి పంపింది మా పెద్దమ్మ కొడుకు, "నీ పనికి సంబంధించినదే, చూడు" అంటూ. అందులో ఉన్నది ఇది: మాట రాని పిల్లల చేతికి మాట్లాడే ట్యాబ్ ఇస్తే ఉన్న రెండు మాటలూ పోతాయి. బొమ్మ నొక్కితే మాట వినిపించే యాప్‌కు టీచర్లకు శిక్షణ ఎందుకు, డబ్బు దండగ. అసలు అది స్పీచ్ థెరపిస్టు పని, బడి పని కాదు. ట్యాబ్‌లో మాట్లాడేది పిల్లవాడు కాదు, పక్కనున్న టీచరే. పైగా ఇదంతా ఉన్నవాళ్ల వ్యవహారం. చివర "పది మందికి పంపండి" అని ఒక దండం బొమ్మ.

నేను గుంటూరు జిల్లాలో ఒక మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలకు పాఠాలు చెబుతాను. ఆ మెసేజ్‌లో ఒక్క మాటకు మాత్రం సగం నిజం ఉంది. దాని దగ్గరికి వచ్చినప్పుడు ఒప్పుకుంటాను.

ఉన్న మాటలు పోతాయన్నది అన్నిటికన్నా ఎక్కువ మందిని భయపెట్టింది. భయపడిన తల్లిని నేను తప్పుపట్టను. "అమ్మ" అన్న ఒక్క పిలుపు కోసం నాలుగేళ్లు ఎదురుచూసినావిడ, అదీ పోతుందంటే ఎలా తట్టుకుంటుంది? అయితే ఈ అనుమానం పరిశోధకులకూ వచ్చింది. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ అనే ముగ్గురు, మాటకు తోడుగా సైగలు, బొమ్మలు, పరికరాలు వాడినవారిపై అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టారు. గట్టి ఆధారం దొరికింది 27 మంది విషయంలో. వారిలో 89 శాతం మందికి మాట పెరిగింది, మిగిలినవారికి ఉన్నది ఉన్నట్టే ఉంది. తగ్గినవారు ఒక్కరూ లేరు. 27 చిన్న సంఖ్యే, పెరుగుదల కూడా చాలామందిలో కొద్దిపాటిదే. ట్యాబ్ కొనగానే గలగలా మాట్లాడేస్తారని ఎవరైనా అమ్మజూపితే అదీ నమ్మకండి.

మన ఇళ్లలో పది నెలల పిల్ల చేయి ఊపి టాటా చెబుతుంది, దండం పెట్టమంటే చేతులు జోడిస్తుంది. చేతులకు అలవాటుపడి నోరు మూగబోతుందని ఏ అమ్మమ్మా ఆ చేతులు కట్టేయలేదు. నోటితో చెప్పగలిగిన రోజున పిల్లలు బొమ్మలు వెతుక్కుంటూ కూర్చోరు. నోరు ఎప్పుడూ వేలికన్నా వేగమే.

ఇక శిక్షణ దండగ అన్న మాట. ఇక్కడ నా సంగతి నేనే చెప్పుకోవాలి. మొదటి ట్యాబ్ నా చేతికి వచ్చినప్పుడు రెండు నెలలు బీరువాలో పెట్టి తాళం వేశాను. అద్దం పగిలితే స్టాక్ రిజిస్టరులో ఏం రాయాలన్న భయం. శుక్రవారం మాత్రం అరగంట బయటికి తీసి, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్న తొమ్మిదేళ్ల పిల్లవాడి ముందు పెట్టి "యాపిల్ ఏది? బస్సు ఏది?" అని పరీక్ష పెట్టేదాన్ని. మూడోవారం వాడు దాన్ని మోచేత్తో తోసేశాడు. నేను నివేదికలో "ఆసక్తి లేదు" అని రాశాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ తర్వాత విజయవాడలో మూడు రోజుల శిక్షణకు వెళ్లాను. రెండో రోజు మధ్యాహ్నం మాకు పెట్టిన షరతు ఒక్కటే: భోజనం అయ్యేదాకా నోరు విప్పకూడదు, చేతిలో ఉన్న బొమ్మల అట్టతోనే అన్నీ అడగాలి. నాకు మజ్జిగ కావలసి వచ్చింది. అట్ట మీద మజ్జిగ లేదు. "తాగు", "తెలుపు" చూపించాను. ఎదురుగా ఉన్న మాస్టారు పాల గ్లాసు తెచ్చారు. కాదన్నట్టు తల ఊపితే నీళ్లు తెచ్చారు. మూడోసారి నేనే నీళ్లు తాగేసి ఊరుకున్నాను. "చూశారా, మజ్జిగ మీద ఆసక్తి లేదు" అని పక్కావిడ నవ్వుతూ రాసుకుంది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

యాప్ తెరవడం పది నిమిషాల్లో వచ్చేస్తుంది. మిగతా సమయమంతా మమ్మల్ని మార్చడానికే సరిపోయింది. పిల్లవాడిని అడిగే ముందు మనమే ఆ బొమ్మలు చూపిస్తూ మాట్లాడాలి. ఇంట్లో ఎవరూ మాట్లాడని భాష ఏ బిడ్డకు వస్తుంది? అడిగాక ఆగాలి. ఈ ఆగడమే టీచర్లకు అన్నిటికన్నా కష్టం. తిరిగి వచ్చాక ఒకరోజు కోడిగుడ్డు వడ్డించి "ఇంకా కావాలా?" అని నేను కూడా అట్ట చూపిస్తూ అడిగి, మనసులో అంకెలు లెక్కపెట్టాను. ఐదుకే నా చేయి లాగింది. తొమ్మిదికి వాడి మోచేయి కదిలింది, వేలు రెండు గడులు దాటి వెనక్కి వచ్చింది. పదమూడుకు "చాలు" మీద ఆగింది. అదే పిల్లవాడు.

మన భాషలో ఇంకో చిక్కుంది. ఈ అట్టలు చాలావరకు ఇంగ్లిషు నమూనాలకు నకళ్లు. అక్కడ "నో" అని ఒక్క గడి ఉంటే సరిపోతుంది. మనకు వద్దు, కాదు, లేదు మూడూ వేరు. వాడికి "వద్దు" ఒక్కటే ఇచ్చిన రోజుల్లో "కడుపు నొప్పా?" అంటే దాన్నే చూపించేవాడు. మందు వద్దంటున్నాడనుకుని బుజ్జగించాం. వాడు చెబుతున్నది "కాదు". నొప్పి చెవిలో. ఇది కంపెనీ ఇంజనీరుకు తట్టదు, తెలుగు పిల్లలతో రోజంతా గడిపే టీచరుకు తట్టాలి, గడులు మార్చడం ఆ టీచరుకు వచ్చి ఉండాలి. బర్గర్ బొమ్మ ఉండి చిక్కీ బొమ్మ లేని అట్టతో మన బడి పిల్లవాడు ఏం అడుగుతాడు?

థెరపిస్టు పని అన్నారు. ఏ పిల్లవాడికి ఏ పద్ధతి తగునో తేల్చడం నిజంగా వారి పనే, అది మేము చేయకూడదు కూడా. కానీ థెరపిస్టు దగ్గర వాడు గడిపేది వారానికి గంటో రెండు గంటలో, బడిలో రోజుకు ఆరు గంటలు. చట్టం కూడా దీన్ని క్లినిక్‌కు వదిలేయలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్, మాటకు తోడుగా ఇతర సంభాషణ పద్ధతుల వాడకాన్ని ప్రోత్సహించడం, పిల్లలందరూ కలిసి చదివే సమ్మిళిత విద్యకు అన్ని స్థాయిల్లో సిబ్బందిని తయారుచేయడం ప్రభుత్వ బాధ్యతల్లోనే చేర్చింది.

ఇప్పుడు ఆ సగం నిజం. టీచరే మాట్లాడుతోందన్నది ఊరికే పుట్టిన అనుమానం కాదు. ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ అని ఒక పద్ధతి ఉంది: పిల్లవాడి మణికట్టు పట్టుకుని అక్షరాల మీద టైపు చేయిస్తారు. 1990లలో పిల్లవాడికీ, చేయి పట్టుకున్న పెద్దవాళ్లకూ వేరువేరు బొమ్మలు చూపించి పరీక్షిస్తే, టైపయింది పెద్దవాళ్లు చూసిన బొమ్మ పేరు. అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘం ఆషా 2018లో దీన్ని వాడవద్దని స్పష్టంగా చెప్పింది. చేయి పట్టి నొక్కించే టీచర్లను నేనూ చూశాను, ప్రేమతోనే చేస్తారు. వాళ్లకు ఆ చేయి తీసేయడం నేర్పాలి. వేలు చాచలేని పిల్లలతో మేము అట్ట మీద ఒక్కో వరుసా చూపిస్తూ వెళ్తాం, కావలసింది రాగానే ముందే అనుకున్న సైగ వాళ్లే చేస్తారు, కొందరికి కనురెప్ప, కొందరికి తల తిప్పడం. శిక్షణ వద్దంటున్న మెసేజే, పిల్లవాడి బదులు టీచరే మాట్లాడుతోందని వాపోవడం నాకు వింతగా ఉంది.

ఉన్నవాళ్ల వ్యవహారమా? బొమ్మ నొక్కితే మాట పలికే యాప్‌లలో ఐఐటీ బొంబాయి వాళ్ల జెల్లో ఉచితం. అదీ అక్కర్లేదనుకుంటే కాగితం ఉంది. మా పిల్లవాడు ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది ట్యాబ్ కాదు, అరండల్‌పేటలో జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించిన అట్ట. కరెంటు పోయినా పనిచేస్తుంది, సాంబారు ఒలికితే తుడుచుకోవచ్చు. వాళ్లమ్మ మిర్చి యార్డులో పనికి వెళ్తూ దాన్ని సంచిలో వేసి పంపుతుంది. చిక్కీ గడి మీద ప్లాస్టిక్ అరిగి అంచు లేచిపోయింది. ఈ శనివారం కొత్తది చేయించాలి. మజ్జిగ కూడా చేరుస్తున్నాను.