పండగ కేకులోంచి వెళ్లిపోయిన గ్లూటెన్ గారికి

మహారాజశ్రీ గ్లూటెన్ గారికి,

ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం. మీరిక్కడ లేరు కాబట్టే క్షేమం. విడమరిచి చెప్పానని ఏమీ అనుకోకండి.

మా చెల్లెలికి సీలియాక్ (గోధుమల్లో ఉండే మీరు ఒంటికి పడని జబ్బు) అని తేలినప్పటి నుంచి దాని కంచంలోకి మీకు ప్రవేశం లేదు. దాని కొడుక్కేమో గుడ్డు పడదు. ఇద్దరూ పండగకి వస్తామన్నారు, వాడికి ఫ్రూట్ కేకు కావాలన్నారు. "దానిదేముందే, గుడ్డూ మైదా తీసేస్తే సరి" అని ఫోన్లో అన్నది నేనే. ఆ "తీసేస్తే సరి" అన్న పాపానికి మూడు వారాలు వంటింట్లో శిక్ష అనుభవించాను.

ఉన్నన్నాళ్లూ మీ విలువ తెలియలేదు, ఒప్పుకుంటున్నాను. గోధుమ పిండి ముద్దని నీళ్లలో కడుగుతూ పోతే చివరికి మిగిలే జిగురు మీరేనని 1728లో బొలోన్యాలో బెక్కారి అనే పండితుడు చెప్పేదాకా, వేల ఏళ్లు పేరూ ఊరూ లేకుండానే పని చేశారు. మీలో గ్లయడిన్, గ్లూటెనిన్ అనే ప్రోటీన్లు ఇద్దరున్నారు. ఒకరు సాగుతారు, ఒకరు బిగపడతారు. నీళ్లు తగిలితే చాలు, చేతులు కలిపి వల అల్లేస్తారు. ఒకరు చెప్పక్కర్లేదు, అడగక్కర్లేదు.

మీ స్థానంలోకి ఇప్పుడు బియ్యప్పిండి, టాపియోకా స్టార్చ్, బాదం పొడి వచ్చాయి. ముగ్గురూ మంచివాళ్లే, కాకపోతే ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అందుకని మధ్యవర్తిగా శాంథన్ గమ్‌ని పిలిపించాను. ఆయన పుట్టుపూర్వోత్తరాలు విచారిస్తే, క్యాబేజీలకి నల్ల కుళ్లు తెగులు తెచ్చే బ్యాక్టీరియా తయారు చేసే జిగురట! క్యాబేజీని పడగొట్టే క్రిమి చలవతో నా కేకు నిలబడాలన్నమాట. వంద గ్రాముల పిండికి పావు టీస్పూను చాలన్నారు. పండగ కదా, చెయ్యి కాస్త ధారాళంగా ఆడింది. ఆ కేకులోకి చాకు దిగలేదు. నొక్కితే లోపలికి పోయి, వదలగానే మళ్లీ పైకి లేచింది. పొంగిందేమో అని ఒక్క క్షణం సంతోషించాను కూడా.

గుడ్డుగారి ఖాళీ ఇంకో కథ. పట్టి ఉంచడం, పొంగించడం, నూనెకీ నీళ్లకీ సంధి కుదర్చడం, రంగు తేవడం, అన్నీ ఆయనే చూసుకునేవారు. ఇప్పుడు ఒక్కో గుడ్డుకి ఒక టేబుల్ స్పూను అవిసె గింజల పొడి, మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచుతున్నాను. జిగురు బ్రహ్మాండంగా వస్తుంది. పొంగించమంటే మాత్రం "నా పని కాదు" అంటుంది. దానికి వంట సోడా, నారింజ రసం వేరే పెట్టుకోవాలి.

రెండో కేకుని తొందరపడి వేడి మీదే టిన్నులోంచి బోర్లించాను. పళ్లెంలో పడింది కేకు కాదు, రాశి. మీరున్న కేకుల దర్జా వేరు లెండి. 2017లో అంటార్కిటికాలో, కేప్ అడేర్ దగ్గరి పాత గుడిసెలో ఒక ఫ్రూట్ కేకు దొరికింది. హంట్లీ అండ్ పామర్స్ అనే బిస్కెట్ల కంపెనీ వారిది, దక్షిణ ధ్రువ యాత్రకి వెళ్లిన స్కాట్ బృందం వదిలి వెళ్లి ఉంటుందని అంచనా. వందేళ్లు దాటినా చెక్కు చెదరలేదు. నాది టిన్నుకీ పళ్లేనికీ మధ్యే చెదిరింది.

మూడోసారికి బుద్ధి వచ్చింది. బియ్యప్పిండి పంటికి ఇసకలా తగలకుండా కలిపిన పిండిని అరగంట నాననిచ్చాను. ఎండు పళ్లు అడుక్కి దిగకుండా పిండిని చిక్కగా ఉంచాను (పళ్లకి పొడి పిండి పట్టిస్తే మునగవంటారు గానీ, పల్చటి పిండిలో పట్టించినా మునుగుతాయి, చూశాను). 150 డిగ్రీల్లో రెండు గంటల పైన. ఉడికిందో లేదో పుల్ల గుచ్చి చూడమంటారు. ఫ్రూట్ కేకులో ఎక్కడ గుచ్చినా ఓ కిస్‌మిస్ ఎదురొస్తుంది, పుల్ల తడిగానే వస్తుంది. థర్మామీటరు 96 దాటాక దింపి, రాత్రంతా టిన్నులోనే వదిలేశాను. పొద్దున చూస్తే నిలబడింది!

అప్పుడు తెలిసిన సంగతి చెబితే మీకు కోపం వస్తుంది. 200 గ్రాముల పిండికి అర కిలో పళ్లు పడే కేకులో మీకు పెద్దగా పనేం లేదు. నానిన పళ్లే అంటుకుని ఒకదాన్నొకటి మోస్తున్నాయి. మిమ్మల్ని పంపెయ్యడం అంత కష్టమేం కాదు. కష్టమల్లా, పంపాక మీరు వెళ్లకపోవడం.

బేకింగ్ పౌడర్ డబ్బా తిప్పి చూస్తే గోధుమ స్టార్చ్ అని చీమ తలకాయంత అక్షరాల్లో మీరే. తరిగిన ఖర్జూరాలు అంటుకోకుండా ఓట్స్ పిండి చల్లారట, ఆ ఓట్స్ గోధుమలతో కలిసి తిరిగొచ్చినవైతే వాటి వెంట మీరే. మాల్ట్ అని బార్లీ వేషంలో మీ బంధువులు. చెక్క గరిటె పగుళ్లలో, జల్లెడ కన్నాల్లో, కేకు టిన్ను మూలల్లో కూడా. చాలా దేశాల్లో గ్లూటెన్ ఫ్రీ అని రాసుకోవాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. మైదాలో మీ వాటా ఇంచుమించు పదో వంతు. అంటే కిలో కేకులో చిటికెడు మైదా పడినా మీరు గీత దాటేసినట్టే. మా జల్లెడ ఒక్కసారి దులిపితే చిటికెడేం ఖర్మ, గుప్పెడు రాలింది. కొత్త జల్లెడ, కొత్త గరిటె కొన్నాను. ఆ ఖర్చు మీ పద్దులోనే రాసుకున్నాను.

మీకు దాక్కోవడం కొత్త కాదనుకోండి. సీలియాక్ పిల్లల బాధకి కారకులెవరో ఎంతో కాలం ఎవరికీ తెలియలేదు. డిక్కె అనే డచ్చి పిల్లల డాక్టరుకి అనుమానం ఉండేది. 1944–45 చలికాలపు కరువులో రొట్టె కరువై, మళ్లీ రొట్టె రాగానే ఆ పిల్లలకి జబ్బు తిరగబెట్టడంతో అది బలపడింది. ఊళ్లోకి రొట్టెతో పాటు వచ్చి దొరికిపోయారు మీరు.

ఇల్లలకగానే పండగ కాదని ఊరికే అన్నారా? మొన్న కేకు బల్ల మీద పెట్టాను. చెల్లెలు, వాడు, ఇంకో నలుగురు చుట్టాలు చుట్టూ చేరారు. "గుడ్డూ మైదా లేకుండానా! నమ్మలేం వదినా!" అంటూ ఒకావిడ ప్రేమగా చాకు అందుకుని మొదటి ముక్క కోసి మా చెల్లెలి పళ్లెంలో పెట్టింది. చాకు వంక చూశాను. ఐదు నిమిషాల క్రితం అదే చాకుతో ఆవిడ బ్రెడ్డు కోసింది. అంచున తెల్లగా రెండు పొడి రేణువులు.

ఆ ముక్క లాక్కుని నేనే తినేశాను. తిండిపోతుననుకున్నారు. కోసిన వైపు రెండు వేళ్ల మందం తీసేసి, మిగతాది వేరే చాకుతో కోశాను.

ఇట్లు,
జల్లెడ మార్చిన ఇంటావిడ

తా.క.: దారిలో గుడ్డుగారు కనిపిస్తే ఈ ఉత్తరం చూపించకండి. "వదినా, పైన గుడ్డు సొన రాస్తే ఇంకా మెరిసేది కదా" అని ఆ చాకు ఆవిడే సలహా ఇచ్చి వెళ్లింది.