కాలర్‌కీ గడువు పెట్టండి

గోర్ నవలల్లో పెళ్లిలాంటి బంధం ఒకటుంది. దాన్ని ఫ్రీ కంపానియన్‌షిప్ అంటారు. ఇద్దరు స్వతంత్రులు చేతులు పెనవేసుకుని ద్రాక్షసారా తాగి ఆ బంధంలోకి వస్తారు. దాని ఆయుష్షు సరిగ్గా ఒక ఏడాది. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ మళ్లీ ఒప్పుకుంటేనే అది నిలుస్తుంది, లేకపోతే దానంతటదే రద్దయిపోతుంది. అదే నవలల్లో బానిస మెడలో పడ్డ కాలర్‌కి మాత్రం గడువనేదే లేదు. ఈ నవలలు చదివి, వాటి పద్ధతిలో నిజ జీవితం గడుపుదామనుకునే జంటలు దాదాపు అందరూ ఆ రెండో నియమాన్నే పట్టుకుంటారు. మొదటిదాన్ని పట్టుకోవాలన్నది మా వాదన.

గోర్ అంటే తెలియని వాళ్ల కోసం నాలుగు మాటలు. సూర్యుడికి అవతలి వైపు, భూమికి కనపడకుండా తిరిగే ఒక ఊహా గ్రహం అది. జాన్ నార్మన్ అనే కలం పేరుతో, న్యూయార్క్ క్వీన్స్ కాలేజీలో తత్వశాస్త్రం బోధించిన ఒక ప్రొఫెసర్ ఈ నవలలు రాశారు. మొదటిది 1966లో వచ్చింది, 1988 నాటికి పాతిక అయ్యాయి. తర్వాత చాలా ఏళ్లు ఆగి మళ్లీ మొదలై ముప్ఫై అయిదు దాటాయి. ఆ లోకంలో నగర రాజ్యాలుంటాయి, రంగు వస్త్రాలతో గుర్తుపట్టే అయిదు పై వర్గాలుంటాయి: పూజారులకు తెలుపు, లేఖకులకు నీలం, నిర్మాతలకు పసుపు, వైద్యులకు ఆకుపచ్చ, యోధులకు ఎరుపు. ప్రతి ఇంటికీ, ఊరికీ హోమ్ స్టోన్ అనే రాయి ఉంటుంది, ప్రాణం పోయినా దాన్ని వదులుకోరు. వీటన్నిటి అడుగునా బానిసత్వం ఉంటుంది. ఆడ బానిసను కజీరా అని, మగ బానిసను కజీరస్ అని పిలుస్తారు. 1990ల్లో ఇంటర్నెట్ చాట్ గదుల్లోకి, 2003 తర్వాత సెకండ్ లైఫ్ అనే వర్చువల్ లోకంలోకి ఇదంతా పాకింది. కొందరు దాన్ని తెర మీద ఆటగానే ఉంచుకున్నారు. కొందరు ఇంటికి తెచ్చుకున్నారు. మేం మాట్లాడేది ఆ ఇంటికి తెచ్చుకున్నవాళ్ల గురించే, అదీ వయసొచ్చిన ఇద్దరి మధ్య జరిగేదాని గురించి మాత్రమే.

సంఘం పత్రికలో ఇదెందుకని అడిగేవాళ్లుంటారు. కుతూహలం పుట్టినవాళ్లు మనలో ఎవరినైనా అడిగితే నవ్వో తిట్టో ఎదురవుతుంది. దాంతో నోరు మూసుకుని, తమ మెడలో కాలర్ వేయాలని చూస్తున్న మనిషి దగ్గరే అన్నీ నేర్చుకుంటారు. అంతకంటే చెడ్డ గురువు దొరకడు. ఈ ఇష్టం జబ్బు కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో, పరస్పర ఇష్టంతో సాగే ఇలాంటి సంబంధాలు రోగాల కింద లేవు. కాబట్టి సిగ్గు పక్కన పెట్టి పనిలోకి దిగుదాం.

ముందు శరీరం. కజీరాకి నేర్పే భంగిమల్లో ముఖ్యమైనది నాదు. మోకాళ్లు ఎడంగా పెట్టి, మడమల మీద కూర్చుని, వీపు నిటారుగా, గడ్డం పైకెత్తి, చేతులు తొడల మీద పెట్టుకోవాలి. చూడ్డానికి తేలిక. నేల గట్టిగా ఉంటే అయిదో నిమిషానికే మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవుతుంది, అది పెద్ద ప్రమాదం కాదు, మందపాటి చాప వేస్తే తీరుతుంది. అసలు ప్రమాదం నొప్పి లేకుండా వస్తుంది. మోకాలి బయటి వైపు, కిందుగా, చేతికి తగిలే చిన్న ఎముక బొడిపె ఉంటుంది. పాదాన్ని పైకెత్తే నరం దాన్ని చుట్టుకుని చర్మం కిందే పోతుంది. కాలు పూర్తిగా మడిచి ఎక్కువసేపు కూర్చుంటే ఆ నరం నలుగుతుంది. ముందు పాదం పైభాగం మొద్దుబారుతుంది, ఆ తర్వాత లేచి నడిస్తే పాదం పైకి లేవక వేళ్లు నేలకి రాసుకుంటాయి. అలా పడిపోయిన పాదం కోలుకోవడానికి వారాలు పట్టవచ్చు. అందుకే కొత్తవాళ్లకు పది నిమిషాలు చాలు. తిమ్మిరి అనగానే భంగిమ మార్చాలి, ఓర్చుకోవడాన్ని విధేయతగా ఎవరూ మెచ్చుకోకూడదు. లేచేటప్పుడు ముందు ఒక కాలు పెట్టి, ఊపిరి తీసుకుని, మెల్లగా లేవాలి. చటుక్కున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి, చేతిలో గ్లాసు కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

కాలర్ సంగతి. మెడకీ కాలర్‌కీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, అదీ కూర్చుని, పడుకుని, తల వంచి మూడు రకాలుగా చూడాలి. చవక స్టీల్‌లో నికెల్ ఉంటుంది, పడని చర్మం రెండు మూడు రోజుల్లో ఎర్రబడి దురద పెడుతుంది. స్నానం చేసినప్పుడు సబ్బు నీళ్లు లోపలి అంచున నిలిచి అదే పని చేస్తాయి, కాబట్టి రోజూ తీసి తుడవాలి. కాలర్‌కి గొలుసు కట్టి లాగడం, దేనికైనా బిగించి వదిలేయడం ఎప్పుడూ చెయ్యకూడదు. మెడ పక్కల రక్తనాళాల మీద ఒత్తిడి పడితే కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది. ఎమ్మారై స్కాన్‌కి వెళ్లేటప్పుడు తీయాల్సిందే. తాళం చెవులు రెండుండాలి, ఒకటి వేసుకున్నవాళ్ల పర్సులోనే ఉండాలి. చెవి వాళ్ల దగ్గరుంటే కాలర్‌కి విలువేముందని వాదించేవాళ్లున్నారు. తీసేయగలిగి కూడా ఉంచుకున్నదానికే విలువ.

ఇప్పుడు మాట. గోరియన్ పద్ధతిలో చాలాచోట్ల బానిస పాత్రలో ఉన్నవాళ్లు 'నేను' అనకూడదు, తమను తాము మూడో మనిషిలా చెప్పుకోవాలి. చాట్‌లో అయితే స్వతంత్రుల పేర్లకు పెద్ద అక్షరం, బానిసల పేర్లకు చిన్న అక్షరం వాడతారు. ఇంగ్లీషులో సర్వనామం మార్చుకుంటే దాదాపు సరిపోతుంది. తెలుగులో అంతటితో తీరదు. 'తెచ్చాను' అన్న ఒక్క క్రియలోనే మాట్లాడే మనిషి కూర్చుని ఉంది, కాబట్టి చివరి 'ను' కూడా వదులుకుని 'ఈ దాసి తెచ్చింది' అనాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే జంటలు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. వారం పది రోజులు అలవాటయ్యాక 'ఈ దాసికి కాలు తిమ్మిరెక్కింది' అన్న మాట ఎవరి గురించో చెబుతున్నట్టు చల్లగా వస్తుంది. వినేవాళ్లకీ అలాగే వినపడుతుంది. అందుకని నాలుగు వాక్యాలను ఆటలోంచి బయట పెట్టండి. 'నాకు తిమ్మిరెక్కింది', 'నాకు భయంగా ఉంది', 'నాకు అర్థం కాలేదు', 'నేను ఆపేస్తున్నాను'. ఇవి ఎప్పుడైనా, ఏ భంగిమలో ఉన్నా 'నేను', 'నాకు' అనే చెప్పాలి. కాగితం మీద రాసుకుని, మొదటి రోజే ఇద్దరూ పైకి చదవాలి.

సేఫ్‌వర్డ్ అంటే, చెప్పగానే అంతా ఆగిపోవాల్సిన మాట. దాని దగ్గరే గోరియన్లలో చాలామందితో మాకు పేచీ. మాది బీడీఎస్ఎమ్ (కట్టడం, ఏలడం, లొంగడం, నొప్పి కలిసిన శృంగారం) కాదు, ఆట కాదు, జీవితం, జీవితంలో సేఫ్‌వర్డ్ ఏమిటని అంటారు. నిజమే, నవలల్లో అది లేదు. ఎందుకు లేదంటే నవలలోని బానిసను ఎవరూ అడగలేదు. మన ముందున్న మనిషిని అడిగాం, ఆవిడో ఆయనో ఒప్పుకున్నారు. ఒప్పుకున్న మనిషి వెనక్కి తీసుకోవడానికి ఒక మాట ఉండాలి. 'వద్దు', 'ఆపండి' అన్నవి ఆట మధ్యలో సరదాగా కూడా వస్తాయి కాబట్టి వాటిని పెట్టుకోకండి. 'గొడుగు' లాంటి సంబంధం లేని మాట ఒకటి ఎంచుకోండి. మాట్లాడలేని పరిస్థితి కోసం చేతిలో తాళాల గుత్తి ఉంచుకోవాలి, అది కింద పడితే అంతా ఆగాలి. ఆగాక ఎందుకని నిలదీయకూడదు. మంచినీళ్లు, దుప్పటి, పక్కన కూర్చోవడం ముందు, ప్రశ్నలు మర్నాడు. గట్టి అనుభవం తర్వాత ఒకటి రెండు రోజులకు కారణం లేని ఏడుపూ నీరసమూ రావడం మామూలే, ఆ రోజుల్లో ఒంటరిగా వదలకూడదు.

ఇక నమ్మకం. ఆడది ప్రకృతిరీత్యా లొంగిపోయేది, మగవాడు ఏలేవాడు అన్నది ఆ నవలల సిద్ధాంతం, పేజీల కొద్దీ ఉపన్యాసాలుగా ఉంటుంది. దీన్ని మేం ఒప్పుకోం. అయినా మేం కాదనక్కర్లేకుండానే ఆ పుస్తకాలే దాన్ని కాదంటాయి. వాటిలో మగ బానిసలున్నారు, వాళ్లను కొనుక్కునే స్వతంత్ర స్త్రీలున్నారు, నగరాన్ని ఏలే స్త్రీ ఉంది. ప్రకృతే అంత గట్టిగా నిర్ణయించి ఉంటే కొరడాలు, తాళాలు, కాల్చిన ఇనుము ఇన్ని ఎందుకు కావలసి వచ్చాయి? లొంగి ఉండటంలో సుఖం దొరికే స్త్రీలున్నారు, పురుషులూ ఉన్నారు, అది వాళ్ల స్వభావం, వాళ్ల ఇష్టం. దాన్ని ఆడజాతి మొత్తానికి ధర్మంగా మార్చగానే ఒక దారి మూసుకుపోతుంది. ఎవరైనా కాలర్ తీసేస్తానంటే, నీ అసలు స్వభావానికి భయపడుతున్నావు అని జవాబు వస్తుంది. ఆ జవాబు మొదటిసారి విన్నరోజే సంచి సర్దుకోవాలి.

నవలల్లో బానిస తొడ మీద కెఫ్ అనే అక్షరం ఇనుముతో కాల్చి వేస్తారు. దీన్ని అనుకరించకండి. అచ్చు మొత్తం ఒకేసారి నొక్కితే దగ్గరగా ఉన్న గీతల మధ్య చర్మం కూడా చచ్చి, మానేటప్పటికి అక్షరం ముద్దగా మారుతుంది. లోతు తేడా వస్తే చర్మం పూర్తి మందం కాలిపోతుంది, వారాల తరబడి పుండు, తర్వాత ఉబ్బెత్తు మచ్చ. చట్టం సంగతి కూడా చూసుకోవాలి. ఇంగ్లండ్‌లో 1996లో, భార్య కోరిక మీద ఆమె ఒంటి మీద తన పేరు మొదటి అక్షరాలు కాల్చి వేసిన భర్త శిక్షను అప్పీల్ కోర్టు కొట్టేసింది, పచ్చబొట్టుతో పోల్చింది. దాన్ని చూసి ధైర్యపడితే పొరపాటు. 1993లో ఇష్టపూర్వకంగా ఒకరినొకరు గాయపరచుకున్న పురుషుల శిక్షలను అక్కడి అత్యున్నత న్యాయస్థానమే ఖాయం చేసింది. 2018లో శరీర మార్పులు చేసే వ్యక్తి కేసులో, చేయించుకున్నవాళ్లు ఒప్పుకున్నారన్న వాదన చెల్లదంది. 2021 చట్టం, లైంగిక తృప్తి కోసం తీవ్రమైన గాయానికి ఒప్పుకున్నారన్న సాకు పనికిరాదని రాసేసింది. గుర్తు కావాలనిపిస్తే అంటించుకుని కడిగేసే స్టిక్కర్ టాటూ చాలు.

బానిస ఒప్పందం పేరిట రాసుకునే కాగితానికి ఏ కోర్టులోనూ బలం లేదు. అమెరికాలో 1865 రాజ్యాంగ సవరణతోనే బానిసత్వం పోయింది. 2006లో ఇంగ్లండ్‌లోని డార్లింగ్టన్‌లో ఒక గోరియన్ ఇంటికి పోలీసులు వెళ్లి, ఉన్నవాళ్లు ఇష్టంతోనే ఉన్నారని చూసి వెనక్కి వచ్చారు. అదే దేశంలో 2015 నుంచి, భాగస్వామిని అదుపులో పెట్టి బతుకును శాసించడం అయిదేళ్ల వరకూ జైలు పడే నేరం. రెంటికీ తేడా పూజాసామగ్రిలా అమర్చిన కాలర్లలోనూ కొరడాల్లోనూ ఉండదు. పాస్‌పోర్టు ఎవరి సొరుగులో ఉంది, జీతం ఎవరి ఖాతాలో పడుతోంది, ఫోన్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు, కిందటి నెల స్నేహితులతో ఎన్నిసార్లు మాట్లాడారు అని చూస్తే తెలుస్తుంది. భాగస్వామి వీసా మీద ఆధారపడి ఉన్నవాళ్లకు ఆ కాగితమే అసలైన గొలుసు, అది ఎవరూ ఆటలోకి తీసుకోకూడని బలం. మూడు నెలల ఖర్చుకి సరిపడే డబ్బు, సొంత పేరు మీద ఖాతా, పాస్‌పోర్టు, ఇవి ఏ ఒప్పందంలోనూ అప్పజెప్పకండి.

మరి గడువు ఎలా పెట్టాలి? మొదటి మూడుసార్లు కలుసుకోవడం నలుగురూ ఉండే చోట, కాలర్ లేకుండా. తర్వాత ముప్ఫై రోజులకు ఒక ఒప్పందం, ఆపై తొంభై, ఆ తర్వాత ఏడాది. కాగితం మీద తేదీలు, పనులు, ఎప్పటికీ చేయనివి, అడిగి చేసేవి, వాడే మందులు, అలర్జీలు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది రాయాలి. వారానికో గంట ఇద్దరూ ఒకే ఎత్తు కుర్చీల్లో కూర్చుని అసలు పేర్లతో మాట్లాడుకోవాలి. కుర్చీ ఎత్తు చిన్న విషయంలా కనపడుతుంది గానీ, నేల మీద కూర్చుని పైకి చూస్తూ ఫిర్యాదు చెప్పడం చాలా కష్టం. ఆ గంటలో చెప్పినదానికి తర్వాత శిక్ష ఉండకూడదు.

ఏడాది నిండే రోజుకి వారం ముందే కాలర్ తీసి పెట్టెలో పెట్టండి. ఆ వారం రోజులు ఆదేశాలుండవు, భంగిమలుండవు, 'ఈ దాసి' ఉండదు. ఏడో రోజు సాయంత్రం కాలర్ వేసుకునే మనిషే ముందు మాట్లాడాలి, రెండోవాళ్లు గుర్తుచేయకూడదు, పెట్టె తెచ్చి ముందు పెట్టకూడదు. పడుకునే వేళకి కూడా ఆ మాట రాకపోతే, పెట్టె ఎక్కడుందో అక్కడే ఉంచి దీపం ఆర్పేయండి.