కుక్కకు వెల్లుల్లి పెడితే నులిపురుగులు పోవు

నల్లగొండ, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: కుక్కలకు, పిల్లులకు నులిపురుగుల మందు దండుగ, రోజూ రెండు వెల్లుల్లి రెబ్బలు చాలు. మలంలో పురుగు కనిపించకపోతే కడుపులో లేనట్టే. మరీ అవసరమైతే బడిలో పిల్లలకిచ్చే గోలీ వేయండి. పచ్చి బోటి పెడితే కుక్కకు బలమే, ఏమీ కాదు. నాలుగు మాటలూ తప్పే. వీటిని నమ్మితే కుక్కతో పాటు ఇంట్లో పిల్లలకూ ముప్పు.

వెల్లుల్లి, ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. పిల్లులకు ఇంకా ప్రమాదం. నులిపురుగుల్లో ఒక రకమైన కొంకిపురుగులు పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతాయి. చిగుళ్లు తెల్లబడ్డ కుక్కపిల్లకు వెల్లుల్లి పెడితే ఉన్న రక్తం కూడా పోతుంది.

కనిపించకపోతే లేనట్టు కాదు. పురుగుల గుడ్లు మైక్రోస్కోపులోనే కనబడతాయి. కొంచెం మలం పశువుల ఆస్పత్రికి తీసుకెళ్తే పరీక్ష చేయించవచ్చు. కుక్కపిల్లల విషయంలో అంతదాకా ఆగొద్దు. తల్లి కండరాల్లో నిద్రాణంగా ఉన్న ఏలికపాము లార్వాలు (పిల్లపురుగులు) చూలుతో ఉన్నప్పుడు మేల్కొని, కడుపులోని పిల్లలకే చేరతాయి. అందుకే రెండు వారాల వయసులోనే మొదటి మోతాదు వేయాలి. ఎనిమిది వారాల వరకు రెండు వారాలకోసారి, ఆరు నెలల వరకు నెలకోసారి, ఆ తర్వాత కనీసం మూడు నెలలకోసారి. తల్లికీ పిల్లలతో పాటే వేయాలి. పిల్లి కూనలకు ఈ పురుగు పాల ద్వారా వస్తుంది కాబట్టి వాటికి మూడో వారం నుంచి మొదలుపెడతారు.

మలంతో బయటపడ్డ ఏలికపాము గుడ్డు వెంటనే అంటుకోదు. మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలకు ముదురుతుంది, ఆపైన ఏళ్ల తరబడి బతుకుతుంది. ఆ మట్టిలో ఆడిన పిల్లవాడు చేతులు నోట్లో పెట్టుకుంటే లార్వా కాలేయానికి, ఒక్కోసారి కంటికి చేరి చూపు కూడా పోవచ్చు. వాకిట్లో మలం ఏ రోజుది ఆ రోజే ఎత్తేయాలని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

బడిలో ఇచ్చే గోలీ ఆల్బెండజోల్, 400 మిల్లీగ్రాములది. అది మనుషుల పిల్లల కోసం. కుక్కల్లో, పిల్లుల్లో ఎముక మూలుగను దెబ్బతీసే ప్రమాదం ఉంది. వాటికి పైరాంటెల్, ఫెన్‌బెండజోల్, ప్రాజిక్వాంటెల్ లాంటి మందులున్నాయి. బరువు చూసి డాక్టరే మోతాదు చెప్పాలి.

నన్ను ఎక్కువ భయపెట్టేది నాలుగో మాట. గొర్రెల మందలు ఇంతగా ఉన్న పాలమూరులో ఇలాంటి సలహా పంచడం దారుణం. గొర్రెను కోసినప్పుడు కార్జం మీద, ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండిన బుడగలు ఒక్కోసారి కనిపిస్తాయి. వాటిని కోసి కుక్కకు విసిరేస్తారు. అవి హైడాటిడ్ తిత్తులు, అంటే బద్దెపురుగు లార్వాలున్న సంచులు కావచ్చు. అలాంటిది తింటే కుక్క పేగులో చిన్న బద్దెపురుగులు పెరుగుతాయి. ఒక్కొక్కటి ఏడు మిల్లీమీటర్లకు మించదు. కుక్క మాత్రం హుషారుగానే ఉంటుంది. దాని గుడ్లు బొచ్చుకు, మట్టికి, ఆకుకూరలకు అంటుకుని మన నోటికి చేరితే, మన కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో తిత్తి ఏళ్ల తరబడి పెరుగుతుంది. కొందరికి ఆపరేషన్ తప్పదు.

దసరాకైనా, బోనాలకైనా, ఇంటి దావత్‌కైనా బుడగలున్న అవయవాలను కాల్చేయండి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతుగా పాతిపెట్టండి. తిత్తి తిన్న ఆరేడు వారాలకే కుక్క గుడ్లు వదలడం మొదలవుతుంది. మంద వెంట తిరిగే కుక్కకు మూడు నెలల గడువు సరిపోదు. అది పచ్చి బోటి తింటుందని పశువుల డాక్టర్‌కు ముందే చెప్పండి, ఆ లెక్కన ఆయన బద్దెపురుగు మందైన ప్రాజిక్వాంటెల్ గడువు తగ్గిస్తారు.