గూఢార్థం గారూ, కోక ఆరేసుకోనివ్వండి

మహారాజశ్రీ గూఢార్థం గారికి,

నమస్కారాలు. మీరు కులాసాయేనా అని అడగక్కర్లేదు, పొద్దున్నే ఫోన్ తెరిస్తే మీ దర్శనమే అవుతోంది. నాలుగు నిమిషాల పాటకి అరగంట వీడియో, దాని మీద హీరోయిన్ ముఖం చుట్టూ ఎర్ర సున్నా, పక్కన బాణం గుర్తు, కింద ‘ఈ పాట అసలు అర్థం తెలిస్తే షాక్ అవుతారు’ అని పసుపు అక్షరాలు. సరే, షాక్ అవుదామని కూర్చుంటే ముందు సబ్‌స్క్రైబ్ చేయమని బతిమాలడం, తర్వాత ఏదో ఆన్‌లైన్ కోర్సు ప్రకటన, ఆ తర్వాత ఉపనిషత్తు. పాట మాత్రం ఎక్కడా వినపడదు, వినిపిస్తే కాపీరైట్ పడుతుందట. పాట లేకుండా పాటకి అర్థం చెప్పడం మీకే చెల్లింది.

మొన్న మా బాబాయి ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన మెసేజ్ సంగతే చూడండి. ‘ఆరేసుకోబోయి పారేసుకున్నాను’ ఉంది కదా, 1977లో అడవిరాముడుకి వేటూరి గారు రాసింది. అమ్మాయి కోక ఆరేసుకోబోయింది, కొండగాలి ఎత్తుకుపోయింది. అందులో ఇంకేదైనా కొంటెతనం దాగి ఉంటే అది హాల్లో ఈలలేసిన ప్రతి కుర్రాడికీ ఎవరూ చెప్పకుండానే తెలిసింది. కానీ మీరు మా బాబాయి చేత ఏం చెప్పించారు? కోక అంటే దేహాభిమానం, కొండగాలి అంటే గురుకటాక్షం, పల్లవిలో ‘హరి’ అని ఉంది కాబట్టి ఇది సాక్షాత్తూ గోపికా వస్త్రాపహరణం, పైగా తెర మీదున్నది ఎన్టీఆర్, అన్నిసార్లు కృష్ణుడి వేషం కట్టిన మనిషి, ఇంతకన్నా రుజువేం కావాలి? కింద వరసగా దండం బొమ్మలు. మా పిన్ని ఒక్కతే ‘ఆ రోజుల్లో ఈ పాట రేడియోలో వస్తే సౌండ్ పెంచింది వస్త్రాపహరణం కోసమేనా’ అని పెట్టింది. బాబాయి చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయట, రిప్లై మాత్రం లేదు.

సినిమా పాట ఎలా పుడుతుందో మీకు తెలియదని నేననుకోను. మన దగ్గర చాలావరకు ముందు ట్యూన్, తర్వాతే మాట. సంగీత దర్శకుడు ‘తననా తానన’ అని కూనిరాగం తీసి పంపిస్తాడు, షూటింగ్ తేదీ ముంచుకొస్తుంటుంది, కవిగారు ఆ తాననాల్లో ఇరుక్కునే మాట కోసం రాత్రంతా కుస్తీ పడతాడు, చివరికి ‘మనసు’ పట్టక ‘మది’ వేసి ఊపిరి పీల్చుకుంటాడు. తెల్లారేసరికి మీరొచ్చి, మది వేరు మనసు వేరు, కవి ఇక్కడ శుద్ధ చైతన్యాన్ని సూచించాడు అంటారు! డబ్బింగ్ పాటల విషయంలో మీరు చేసేది మరీ అన్యాయం. క్లోజప్‌లో హీరో పెదాలు కలిసిన చోట ప, బ, మల్లో ఏదో ఒకటి పడాలి, లేకపోతే పాడేది అతను కాదని పిల్లలకి కూడా తెలిసిపోతుంది. పెదాల కోసం తెచ్చి పెట్టిన ఆ ‘మ’లో మీకు మాయావాదం కనపడింది.

పోనీ మన తెలుగు కవుల మీదే మీ ప్రతాపం అనుకుందామా అంటే అదీ కాదు. లివర్‌పూల్‌లో తను చదివిన స్కూల్లో పిల్లల చేత తన పాటలకి అర్థాలు చెప్పిస్తున్నారని ఒక ఉత్తరం వల్ల తెలిసి, బీటిల్స్ బృందం గాయకుడు జాన్ లెనన్ 1967లో ఎవరికీ అంతుపట్టకూడదని పట్టుబట్టి ఒక పాట కట్టాడు. మీ వాళ్లు దాన్నీ వదల్లేదు.

దాచి చెప్పినవాళ్లు అసలు లేరని నేననడం లేదు. వీరబ్రహ్మంగారి తత్వాలు దాచి చెప్పినవే, అక్కడ మీకు పెద్దపీట వేయాల్సిందే. కానీ కష్టంగా ఉన్న ప్రతిదీ రహస్యం కాదండీ. ‘విధాత తలపున’ తీసుకోండి, 1986లో ఏ సినిమాకి రాశారో ఆ సినిమా పేరే సీతారామశాస్త్రి గారికి ఇంటిపేరైపోయింది. విరించి అంటే బ్రహ్మ, విపంచి అంటే వీణ, ఇలా ఓ పది మాటలకి నిఘంటువు తిరగేస్తే పాట తన సంగతి తనే చెప్పుకుంటుంది. అయితే నిఘంటువు బీరువా పైన ఉంటుంది, మీరు చేతిలోనే ఉంటారు.

ఆయనే 2020 సంక్రాంతి సినిమాకి ‘సామజవరగమన’ రాస్తే, హీరో కళ్లు అమ్మాయి కాళ్లని పట్టుకుని వదలడం లేదన్న లైను మీద ఎంత రగడ! చూపు పాడు చూపని ఒకరు, కాదు అది పాదాల దగ్గర శరణాగతి అని ఇంకొకరు. సామజవరగమన అంటేనే ఏనుగులా ఠీవిగా నడిచే మనిషి, అంత నడకని పొగుడుతున్నప్పుడు చూపు కాళ్ల మీద కాక కమ్మల మీద ఉంటుందా? పాట పేరులోనే జవాబుంది. కానీ అలా ఒక్క ముక్కలో తేలిపోతే మీకు గిరాకీ ఎక్కడిది.

నాకు అసలు మంట ఇంకోటుంది. మువ్వగోపాలుడి మీద క్షేత్రయ్య రాసిన పదాల్లో పడకగది సంగతులన్నీ విప్పి ఉంటాయి, మీరు పరుగున వెళ్లి నాయిక జీవాత్మ, నాయకుడు పరమాత్మ అని శాలువా కప్పారు. బాగుంది. మరి తంజావూరులో ముద్దుపళని అనే కవయిత్రి రాధికాసాంత్వనం అనే శృంగార కావ్యం రాసినప్పుడు మీరెక్కడికి పోయారు? అందులోనూ కృష్ణుడే ఉన్నాడు, రాధే ఉంది. వీరేశలింగం గారు ఆమెకి సిగ్గు లేదన్నట్టు రాశారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ పట్టుదలగా 1910లో పుస్తకం అచ్చు వేయిస్తే ఆ మరుసటేడే తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది, స్వాతంత్ర్యం వచ్చే రోజుల దాకా ఆ నిషేధం తొలగలేదు. జీవాత్మా పరమాత్మా ఒక్క వాక్యం మీరు అరువిచ్చి ఉంటే సరిపోయేది కదా! మగవాడు రాస్తే వేదాంతం, ఆడది రాస్తే బూతు. మీ దగ్గర శాలువాలు అయిపోయాయా, లేక కొలతలు సరిపోలేదా?

ఇక నాటు నాటు. 2023లో ఆస్కార్ వచ్చిందో లేదో మీరు కోటూ బూటూ వేసుకుని దిగిపోయారు. డల్లాస్‌లో ఉన్న మా అక్క కొడుకు ఆ స్టెప్పులన్నీ వేస్తాడు, ప్యాంటు బెల్టు పట్టుకుని మరీ. ఒకరోజు వీడియో కాల్‌లో ‘మామయ్యా, మిరపతొక్కు అంటే ఏంటి, చెప్పులు కిర్రుమంటాయా’ అని అడిగాడు. అంతకుముందు ఇంటర్నెట్‌లో వెతికాడట, వలసపాలన మీద దేహభాషతో తిరుగుబాటు అని ఏదో దొరికింది గానీ తొక్కు దొరకలేదట. పాట రాసిన చంద్రబోస్ వరంగల్ వైపు మనిషి, ఎర్రజొన్న రొట్టెలో మిరపతొక్కు పెట్టుకు తింటే నాలుక చురుక్కుమంటుందే, అలా ఉంటుంది మా ఆట అని నోరారా చెప్పాడు. దీని గురించి ఒక్క నిమిషం మాట్లాడేవాడు మీ పరివారంలో ఒక్కడైనా ఉంటే నేనీ ఉత్తరం రాసేవాణ్ణే కాదు. పైకి కనపడే అర్థాన్ని గుమ్మం బయట నిలబెట్టి, లోపల మీరు హారతులు పట్టించుకుంటున్నారు.

మీకు ఒక్క అడ్రస్ ఇస్తాను, వీలు చూసుకుని వెళ్లి రండి. మెదక్ జిల్లా కొల్చారం. కాళిదాసుకి వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి ఊరు. ఆయన పని మొదలుపెడుతూనే ‘నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే’ అని రాసి పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని. కాళిదాసుని చేతిలో పెట్టుకుని మరీ అంత అదుపులో ఉన్నాడాయన. ఆ మాట మీ వీడియోల ముందు ఒక్క పది సెకన్లు వేయించండి, సబ్‌స్క్రైబ్ గోల కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు.

ఇట్లు,
ప్రతిపదార్థం దాటి ముందుకెళ్లని ఒక శ్రోత

తా.క.: 2021లో ‘ఊ అంటావా మావా’ వచ్చినప్పుడు, మగవాళ్లందరినీ ఒకే గాటన కట్టారని ఒక పురుషుల సంఘం అభ్యంతరం చెప్పింది, మీకు గుర్తుండే ఉంటుంది. ‘అంటావా’లో అకారం, ‘ఊ’లో ఉకారం, ‘మావా’లో మకారం, వెరసి ఓంకారం అని మీరు ఏ క్షణాన మొదలుపెడతారో అని నాకు టెన్షన్‌గా ఉంది. దయచేసి వద్దు. పాపం ఆ సంఘం వాళ్లు ప్రణవం మీద కేసు పెట్టినవాళ్లవుతారు.