ఉప్పలపాడులో చప్పట్లు ఎందుకండీ?

ఆదివారం వస్తే చాలు, ఉప్పలపాడు చెరువు గట్టు మీద ఒకటే గోల. పెదకాకాని గుడిలో దర్శనం చేసుకున్నవాళ్లు కొందరు పిల్లాపాపలతో అటునుంచి అటే వచ్చేస్తారు. రావడం మంచిదే. గుంటూరు పక్కనే, ఒక మామూలు ఊరి చెరువులో, బైనాక్యులర్స్ కూడా లేకుండా గూడబాతుల్ని, అదే పెలికాన్లని, ఇంత దగ్గరగా చూడటం ఎంతమందికి దొరుకుతుంది? వచ్చాక చేసే పనులకే నాకు ఒళ్లు మండుతుంది. పక్షులు కదలకుండా కూర్చుంటే వీళ్లకి మజా రాదట. చప్పట్లు, ఈలలు, కేకలు. అన్నీ ఒక్కసారి లేస్తే స్లోమోషన్‌లో రీల్.

ఆ పక్షులు ఇక్కడికి వచ్చేది గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుకోవడానికండీ. ప్రసూతి వార్డులోకి వెళ్లి ఈల వేస్తామా ఎవరమైనా?

మొన్న పక్షుల్ని చూసే టవర్ మీద నుంచి చూస్తున్నాను. ఒక ఎర్రకాళ్ల కొంగ గూటిలో ఎండకి వీపు పెట్టి, రెక్కలు సగం విప్పి నిలబడింది. ఆ నీడలో రెండు పిల్లలు, ఒంటి మీద ఇంకా తెల్లటి నూగే. కొంగ నోరు తెరిచి రొప్పుతోంది గానీ అంగుళం కదల్లేదు. కింద కుర్రాళ్లెవరో కేక పెట్టారు. అది ఎగిరిపోయింది. పిల్లల మీద మాడ్చే ఎండ, పక్క కొమ్మ మీద కాకి. తల్లి తిరిగొచ్చేదాకా నాకు టెన్షనే. కేక పెట్టినవాళ్లు అప్పటికే ఫోన్‌లో వీడియో చూసుకుంటున్నారు.

ఇంకొందరు మరమరాలు విసురుతారు. గూడబాతు తినేది చేపల్ని స్వామీ! దాని పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి తింటాయి. నత్తగుల్ల కొంగకైతే వరి పొలాల్లో నత్తలు కావాలి. దాని ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది, పిల్లలకి మాత్రం ఆ సందు ఉండదు. ఇన్ని పక్షులకి సరిపడా తిండి ఈ చెరువులో ఎక్కడిది? చుట్టూ పొలాలు, కాలవలు బాగుంటేనే ఇక్కడ గూళ్లు నిండుతాయి. అవి ప్లాట్లు అయిపోతుంటే మాత్రం ఎవరూ నోరెత్తరు.

"ఇంతేనా? అరగంటలో అయిపోయింది, పైగా కంపు" అనేవాళ్లకి ఒక దండం. ఆ కంపు ఊరివాళ్లు ఇళ్ల పక్కనే ఏళ్లుగా భరిస్తున్నారు, మీరు అరగంట భరించలేరా? చెరువు చిన్నదే. తుమ్మచెట్లు చాలక ఇనప స్టాండ్లు పెడితే వాటి మీదా గూళ్లు కట్టుకున్నాయి. అంత ఇరుకులో ఒకటి బెదిరితే పక్కవన్నీ లేస్తాయి.

సాయంత్రం నాలుగున్నరకి వెళ్లండి. పొలాల నుంచి కొంగలు తిరిగొస్తుంటే, చీకటి కొంగలు అప్పుడే వేటకి బయల్దేరుతుంటాయి. వాటంతట అవే ఎగురుతాయి, మీ చప్పట్లతో పనిలేదు. రీలే ముఖ్యమనుకుంటే దగ్గర్లోనే ఉండవల్లి గుహలున్నాయి. ఎంత అరిచినా రాళ్లు ఎగిరిపోవు.